మోకాలెత్తున గాలి

చలికాలం మొదట్లో, సోమవారం

ఈ దినచర్యలో పాలు, పేడ, గడ్డి సంగతులు మాత్రమే రాయాలని ఎర్రమెట్ట సంఘం నియమం. ఇవాళ గేదెలు పాలు బాగానే ఇచ్చాయి, పేడ బాగానే వేశాయి, గడ్డి బాగానే తిన్నాయి. నియమం తీరిపోయింది కాబట్టి అసలు సంగతి రాస్తాను. ఇవాళ కలెక్టరమ్మ పడుకుంది.

గేదె పడుకోవడం కూడా ఒక విశేషమేనా అని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. పాపం, అది చాలా రోజులుగా నిలబడే కునుకు తీస్తోంది. కొట్టం నేల ఎప్పుడూ తడే. అంగారకుడి మీద నీటికి ఎంత కరువో అందరికీ తెలుసు. ఉన్న నీళ్ళన్నీ చివరికి గేదెల కాళ్ళ కిందికే చేరతాయని మాత్రం నాకొక్కదానికే తెలుసు. గిట్టలు నాని మెత్తబడ్డాయి. సందుల్లో పుళ్ళు. కింద పరవడానికి కాస్త ఎండుగడ్డి ఇప్పించమని అడిగితే, "తినడానికే చాలని గడ్డిని పక్క వేస్తారా తాయారుగారూ?" అని సంఘం పెద్దలు నన్నే వింతగా చూశారు.

దారి చూపించింది ఎల్లేశం. ఎర్రమెట్ట సొరంగాల్లో గాలి గొట్టాలూ నీటి గొట్టాలూ చూసుకునేది అతనే. మొన్న బయటి తొడుగు వేసుకుని, బండి తోలుకుని ఉత్తరపు దిబ్బల దాకా పోయి, తెల్లటి పొడి ఎత్తుకొచ్చాడు.

"సున్నమా తమ్ముడూ? గిట్టలు కాలిపోవూ?" అన్నాను.

"సున్నం కాదక్కా, జిప్సం. గా దిబ్బలన్నీ గిదే. తడిని మంచిగ గుంజుకుంటది. ఒక్కపారి చల్లి చూడు, నచ్చకుంటె నేనే ఊడ్చి పోత."

చల్లాం. పూట తిరిగేసరికి నేల గోధుమపిండి జల్లించిన పీటలా పొడిగా, తెల్లగా అయిపోయింది. కలెక్టరమ్మ ముందు మూతితో వాసన చూసింది. ఒక గిట్టతో గీకింది. కొట్టం అంతా ఒకసారి తనిఖీ చేసింది. ఆ పేరు ఊరికే రాలేదు, ప్రతిదీ ముందు తాను చూసి సరే అంటేగాని మిగతా గేదెలు దాన్ని ముట్టవు. ఆఖరికి మోకాళ్ళు మడిచి, నిట్టూర్చి, ఆ నల్లటి దేహాన్నంతా తెల్లటి పొడి మీద పరిచి పడుకుంది. దాని దూడ మినపగుండు వచ్చి డొక్కలో దూరింది.

ఎల్లేశం కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

చలికాలం మొదట్లోనే, ఆదివారం

గిట్టల పుళ్ళు మానాయి. పాలు పెరిగాయి. నా భర్త గవర్రాజుగారు ఎర్రమెట్ట వంటశాలకు పెద్ద. ఆయన ఇవాళ ఊరందరికీ పెరుగన్నం పెట్టారు. రెండో వడ్డనకి కూడా పెరుగు మిగిలింది. ఇంతకుముందు ఎన్నడూ అలా జరగలేదు. ఆయన గరిటె పట్టుకుని బల్లల మధ్య పెళ్ళికొడుకులా తిరిగారు.

సాయంత్రం గేదెలను పరుగు గదిలో వదిలాను. ఈ నేల మీద బరువు తక్కువ కాబట్టి మా గేదెలు నడవవు, ఎగురుతాయి. భూమి మీద పెరిగిన డాక్టరు జుబేదాగారు ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ గోడకి ఆనుకుని నవ్వుతారు. ఇవాళ మినపగుండు తల్లి వీపు మీదుగా దూకేసింది. కలెక్టరమ్మ దాన్ని ఉరిమి చూసింది.

మినపగుండంటే ఊరందరికీ ముద్దు. పెద్ద గేదెలన్నీ ఓడలో గడ్డకట్టిన పిండాలుగా వచ్చి, ఇక్కడ యంత్రపు సంచుల్లో పెరిగినవి. అంగారకుడి మీద గేదె కడుపున పుట్టిన మొదటి దూడ ఇదే. సంఘం పెద్ద కూడా వచ్చి దాని నుదురు నిమిరి వెళ్తుంటారు. అది ఆయన చొక్కా నములుతుంటుంది.

నడి చలికాలం, గురువారం

కొట్టంలో రెండు మూడు రోజులుగా ఒక వాసన వస్తోంది. ఉండీ ఉండీ నేల పగుళ్ళలోంచి గుప్పుమంటుంది, పోతుంది. పాల బిందె తీసుకెళ్ళడానికి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చారు.

"తాయారూ! కోడిగుడ్డు వాసనే!"

"కుళ్ళిన గుడ్డు వాసనండీ."

"కుళ్ళితే మాత్రం? గుడ్డు గుడ్డే గదా. ఎన్నాళ్ళయిందే గుడ్డు మొహం చూసి!"

ఎర్రమెట్టలో కోళ్ళు లేవు. ఆయన భూమి వదిలి వచ్చాక గుడ్డు తినలేదు. ఆ వాసన పీలుస్తూ ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, అట్టు అంటూ ఏదో కలవరించారు. బిందె లాక్కుని బయటికి పంపించాను.

ఎల్లేశాన్ని పిలిచాను. కొట్టం పైకప్పులో గాలి కొలిచే పెట్టె ఉంది. దాని దీపం పచ్చగానే వెలుగుతోంది. నిచ్చెనెక్కి తట్టి చూసి, పెట్టె బాగానే పనిచేస్తోందన్నాడు. "పేడగుంత నిండిందక్కా, గందుకే కంపు. రేపు కలియబెడదాం. పలచగైతె వంట గ్యాసు తొట్టికి పోతది, వాసన గూడ పోతది."

కొట్టం నేలలో సన్నటి చీలికలుంటాయి. పేడ, మూత్రం వాటిలోంచి కిందున్న గుంతలోకి దిగుతాయి. నెలకోసారి ఇనుప తెడ్డు తిప్పి దాన్ని కలియబెడతాం. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే. గేదెలు పైన గడ్డి తింటుండగానే చేస్తాం.

మినపగుండు కళ్ళు ఎర్రబడి నీరు కారుతున్నాయి. సుబ్బలు ఇవాళ తొట్టిలో తవుడు కొంచెం వదిలేసింది. సుబ్బలంటే తొట్టిలో తల పెడితే పిలిచినా ఎత్తని గేదె. దాని పక్కనున్నవాటి మేత కూడా అదే తింటుంది. అది తవుడు వదలడం నాకు నచ్చలేదు. రేపు జుబేదాగారిని ఒకసారి చూడమనాలి.

కాళ్ళు కడుక్కుంటుంటే మెట్టెలు నల్లగా కనిపించాయి. కొత్తగా వచ్చిన సబ్బు మంచిది కాదేమో.

శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పాలు పిండాక ఎల్లేశం నడవ పక్కనున్న మీట దగ్గర నిలబడ్డాడు. నేను కొట్టం తలుపు లోపల, మూడు మెట్ల అరుగు మీద ఉన్నాను. గేదెలు తొట్ల దగ్గరున్నాయి. తెడ్డు తిరగడం మొదలైంది. కిందనుంచి బుడబుడమని శబ్దం. ఒక్కసారిగా ఆ గుడ్డు వాసన కళ్ళు మండేంతగా లేచింది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి ఆ వాసన లేదు.

"వాసన పోయిందక్కా!" అని నడవలోంచి ఎల్లేశం సంబరంగా అరిచాడు. "చెప్పిన గద!"

నాక్కూడా హాయిగా అనిపించింది. కొంగు దించాను. అప్పుడు మినపగుండు వంక చూశాను. అది ముందు కాళ్ళ మీద మోకరిల్లింది. ఆడుతోందనుకున్నాను. తల పక్కకి వాలిపోయింది. నోటినుంచి నురగ వచ్చింది. దాని వెనక ఇంకో గేదె తూలి గోడకి తగిలింది.

"ఆపు! ఎల్లేశం, తెడ్డు ఆపు!"

దూడ కోసం మెట్లు దిగబోయాను. రెండో మెట్టు మీదికి వంగేసరికి తలలో ఏదో గిర్రున తిరిగింది. వెనకనుంచి ఎల్లేశం నా నడుం పట్టి పైకి లాగేశాడు.

"దిగకు అక్కా! కింద గాలి లేదు. నువ్వు పడితె నిన్నెవరు తీస్తరు?"

"దూడ రా! మినపగుండు!"

"ముసుగు తెస్త. నిలబడు. అరుగు మీదనే నిలబడు."

అతను ఊపిరి ముసుగు కోసం పరిగెత్తాడు. భూమి మీదైతే తలుపులూ కిటికీలూ బార్లా తెరుస్తారట. మా గోడ అవతల ఊపిరికి పనికొచ్చే గాలే లేదు. ఉన్నది ఒక్కటే దారి, వెనకనున్న నడవ తలుపు. దాని మీద పశువులు ఈ తలుపు దాటరాదని పెద్ద అక్షరాలతో రాసుంటుంది. ఆ తలుపు తిన్నగా భోజనశాలలోకి పోతుంది.

తలుపు బార్లా తెరిచాను. తవుడు బక్కెట్టు గోడకేసి దబదబా కొట్టాను. "కలెక్టరమ్మా! రా! రావే తల్లీ!" గొంతు చిరిగిపోయేలా అరిచాను.

అది ఒకసారి దూడ వంక చూసింది. ఒకసారి నా వంక చూసింది. కదల్లేదు. అరుగు మీదనుంచే పొడుగాటి చీపురు కర్రతో దాని పిర్ర మీద గట్టిగా పొడిచాను. జీవితంలో నేనొక గేదెను కొట్టింది అదే మొదటిసారి. అది రంకె వేసి గాల్లోకి లేచి మెట్లన్నీ ఒక్క దూకులో దాటేసింది. దాని వెనకే మిగతావి తూలుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. సుబ్బలు మాత్రం తొట్టిలోంచి తల ఎత్తలేదు. తింటోందనుకున్నాను. తినడం లేదు.

ఎల్లేశం ముసుగు బిగించుకుని లోపలికి దూకాడు. దూడను భుజాన వేసుకుని వచ్చాడు. సుబ్బలు కోసం మళ్ళీ వెళ్ళాడు. ఎంతసేపో లోపలే ఉండి, ఒంటరిగా తిరిగొచ్చి తలుపు మూసేశాడు. నా వంక చూడలేదు. 

భోజనశాలలో అప్పటికి ఫలహారాలు జరుగుతున్నాయి. ఎదురుగా నాలుగు గేదెలు గాల్లో తేలుతూ వస్తుంటే జనం ఇడ్లీ పళ్ళాలతో సహా బల్లలెక్కేశారు. కలెక్టరమ్మ సాంబారు గంగాళం పక్కన దిగింది. గంగాళం బోర్లా పడింది. ఎవరో నవ్వారు. నా మొహం చూసి ఆపేశారు.

జుబేదాగారు ఇడ్లీ వదిలేసి లేచారు. ఒక్కచూపులో ఆమెకు అర్థమైంది. "వీటిని పక్కకి పడుకోనీయొద్దండి! రొమ్ము మీదే కూర్చోవల్ల. ఊపిరితిత్తుల్లో నీరు చేరతాది. బియ్యం బస్తాలు తెండి, రెండు పక్కలా ఆనించండి. ఆసుపత్రిలో ఉండే ప్రాణవాయువు బుడ్లన్నీ కావల్ల."

"ముసుగులు మనుషులవండీ డాక్టరుగారూ. గేదె మూతికి ఎలా సరిపోతాయి?" అన్నారెవరో.

మా ఆయన అప్పటికే వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ క్యాను అడుగు కోసేస్తున్నారు. మెడ దగ్గర గొట్టం బిగించి, కోసిన అంచుకి తడిగుడ్డ చుట్టి, మినపగుండు మూతికి తొడిగారు. అచ్చు కొలిచి చేసినట్టు సరిపోయింది.

"నా చదువంతా మనుషులకమ్మా," అని జుబేదాగారు నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అన్నారు. "చేతనైంది చేస్తా. ప్రమాణం మాత్రం చెయ్యలేను."

సుబ్బలు లేదు. దినచర్యలో రాయాలి కాబట్టి రాస్తున్నాను. తవుడంటే దానికి ప్రాణం.

శనివారం

మినపగుండు బతికే ఉంది. కళ్ళు తెరవదు, ఊపిరి తీస్తుంది. జనం వంతులు వేసుకుని క్యాను పట్టుకుంటున్నారు. సంఘం పెద్ద తన వంతు వచ్చినప్పుడు పక్కనే కింద కూర్చుని, "నా చొక్కా ఇదిగో, కావాలంటే నమిలెయ్" అని దాని చెవిలో చెప్పడం విన్నాను. అది కదల్లేదు. ఆయన లేచి వెళ్తూ మొహం తుడుచుకున్నారు.

కలెక్టరమ్మ దూడ పక్కనుంచి జరగడం లేదు.

మధ్యాహ్నం మేం నలుగురం వంటింట్లో కూర్చున్నాం. జుబేదాగారు మాట్లాడుతుండగా చూపు నా కాళ్ళ మీద ఆగింది.

"తాయారమ్మా, ఆ మెట్టెలు వెండివేనా? అంత నలుపేమి?"

"సబ్బు వల్ల అనుకుంటానండి."

"చెవి దుద్దులు కూడా వెండివే కదా? అవి తెల్లగా ఉన్నాయే!"

చేత్తో తడిమి చూసుకున్నాను. తీసి చూశాను. మెరుస్తున్నాయి. ఒకే ఒంటి మీద, ఒకే సబ్బుతో తోమిన వెండి కాళ్ళ దగ్గర నల్లబడింది, చెవుల దగ్గర నల్లబడలేదు.

"గంధకం తగిలితే వెండి నల్లబడతాది," అన్నారామె. "కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. గాలికన్నా బరువైన వాయువు, నేలను పట్టుకుని ఉంటాది. కొంచెం ఉంటే వాసన తెలుస్తాది. ఎక్కువైతే ముక్కే మొద్దుబారిపోతాది. వాసన పోయిందని మీరు సంతోషపడింది అప్పుడే."

"కొలిచే పెట్టె పైకప్పులో ఉందండీ," అన్నాను. "అది మనుషుల తలకాయల కోసం పెట్టింది."

"గేదె మూతి తొట్టి దగ్గర, దూడ మూతి మోకాలెత్తున," అన్నారు జుబేదాగారు.

మా ఆయన పోపు గరిటె కింద పెట్టారు. "సరేనండీ. ఇన్నేళ్ళుగా కలియబెడుతున్నాం గదా. ఇన్నేళ్ళూ లేని గంధకం ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది?"

ఎల్లేశం మొహంలో నెత్తురు లేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి వాటి వంకే చూస్తున్నాడు.

"జిప్సంల గంధకం ఉంటది," అన్నాడు.

ఆదివారం

నిజమా కాదా తేల్చుకోవాలని ఎల్లేశమే పట్టుబట్టాడు. మా ఆయన పచ్చడి సీసాలు రెండు కడిగిచ్చారు. రెండింటిలోనూ తాజా పేడ, నీళ్ళు. ఒకదాంట్లో తెల్లపొడి ఒక చెంచా, రెండోదాంట్లో ఏమీ లేదు. ఒక్కో మెట్టె దారానికి కట్టి మూత కింద వేలాడదీశాం. పొయ్యి పక్కన వెచ్చగా పెట్టాం. ముందు నా మెట్టెలు తళతళలాడేలా తోమింది జుబేదాగారే. ఆమె నా మెట్టెలు తోముతుంటే నాకు సిగ్గేసింది.

"ఊరుకోమ్మా, రోగి శరీరంలో ఏదైనా కడుగుతా. మెట్టె ఎంత?" అని నవ్వారు.

ఎల్లేశం అన్నం తినలేదు. నేను కంచం పట్టుకుని నడవలోకి వెళ్ళాను. గొట్టాల పక్కన గోడకి ఒరిగి కూర్చున్నాడు.

"నేనే తెచ్చిన అక్కా. సుబ్బలును నేనే సంపిన."

"తెచ్చింది నువ్వు. చల్లింది నేను. పెరుగు తిని చప్పట్లు కొట్టింది ఊరంతా. గిట్టల పుళ్ళు చూడలేక తెచ్చావు గానీ చంపాలని తెచ్చావా?" కంచం అతని ఒళ్ళో పెట్టాను. "తిను. రేపు ఆ పొడంతా ఎత్తిపొయ్యాలి. ఊడ్చి పోస్తానన్నావుగా."

చిన్నగా నవ్వు వచ్చింది అతనికి. దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ అయ్యాక తిన్నాడు.

మంగళవారం

మినపగుండు కళ్ళు తెరిచింది!

కళ్ళు తెరిచి, క్యాను పట్టుకున్న మనిషిని చూసి, క్యాను అంచుకి చుట్టిన గుడ్డ నమలడం మొదలుపెట్టింది. భోజనశాలలో లేచిన కేకలకి సొరంగం కూలుతుందేమో అనుకున్నాను. కలెక్టరమ్మ కూడా అరిచింది.

సీసాల సంగతీ తేలింది. తెల్లపొడి వేసిన సీసాలో మెట్టె బొగ్గులా ఉంది. రెండోది మెరుస్తోంది. నేల చీలికల్లోంచి గుంతలోకి జారిన జిప్సంలోని గంధకాన్ని పేడలో ఉండే సూక్ష్మజీవులు తిని ఆ వాయువును వదులుతున్నాయని జుబేదాగారు అందరికీ వివరించారు. గుంత కదలకుండా ఉన్నంతకాలం అది బుడగలుగా లోపలే నిలవుండిపోయింది. మనం తెడ్డు పెట్టి ఒక్కసారే పైకి లేపాం.

కలియబెట్టేటప్పుడు పశువులు లోపల ఉండకూడదని, కొలిచే పెట్టెలు మోకాలెత్తున కూడా పెట్టాలని సంఘం అక్కడికక్కడే తీర్మానించింది. తెల్లపొడి మొత్తం ఎత్తెయ్యాలి. గుంతలో ఇప్పటికే చేరినదాన్ని ఏం చెయ్యాలన్నది ఎవరికీ తోచలేదు. బయట పారబోస్తే నీళ్ళు పోతాయి. నీళ్ళు పోతే అందరం పోతాం.

ఆ పై శుక్రవారం

గేదెలు భోజనశాలలోనే ఉంటున్నాయి. మనుషులు బల్లలు ఒక పక్కకి జరుపుకుని తింటున్నారు. మొదటి రెండు రోజులు వాసన అన్నారు. ఇప్పుడు కలెక్టరమ్మ వీపుకి ఆనుకుని కూర్చోడానికి పోటీ పడుతున్నారు. చలికాలంలో అంతకన్నా వెచ్చటి గోడ ఎర్రమెట్టలో లేదు. చదరంగం ఆడేవాళ్ళు ఒక గేదె పక్కన స్థిరపడిపోయారు. అది అప్పుడప్పుడూ ఏనుగును నాకేస్తుంది.

గుంత సంగతి ఎల్లేశానికి అనుకోకుండా తట్టింది. జుబేదాగారు సీసాలు తీసేస్తుంటే, వాయువున్న సీసా మూతలోని తుప్పు కూడా నల్లబడిందని చూపించారు. ఇనుప తుప్పు గంధకాన్ని పట్టేస్తుందని ఆమె అన్నారో లేదో, అతను లేచి నిలబడ్డాడు.

"తుప్పా? డాక్టరమ్మా, బయట గీ దేశమంత తుప్పే గద! గా ఎర్ర దుమ్ము ఏంది? ఇనుప తుప్పే!"

మా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఆ దుమ్మును తిట్టుకోని రోజు మాకు లేదు. తొడుగుల మడతల్లో, గొట్టాల కీళ్ళలో, ఆఖరికి పప్పులో కూడా అదే.

మూడు రోజులుగా ఊరంతా అదే పని. బయటి దుమ్ము తెచ్చి, దాంట్లో ఉన్న విషపు ఉప్పు పోయేదాకా కడిగి, తడితడిగా పళ్ళాల్లో పరిచి, వాటిని ఒక పెద్ద పెట్టెలో అరలుగా పేర్చాం. నేల దగ్గరి గాలిని గొట్టంతో పీల్చి ఆ అరల గుండా పంపాం. కొట్టం ఖాళీగా ఉండగా తెడ్డు కొద్దికొద్దిగా తిప్పాం. మొదటి పళ్ళెం బయటికి లాగితే ఎర్రది కాస్తా కాటుకలా నల్లగా అయిపోయింది. రెండోది ముదురు గోధుమ రంగు. ఆఖరి పళ్ళెం ఎర్రగా ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఎల్లేశం ఆ నల్లటి పళ్ళాన్ని నెత్తిన పెట్టుకుని భోజనశాలంతా ఎగిరాడు. దుమ్ము బల్లల మీద రాలింది. ఎవరూ తిట్టలేదు.

చలికాలం ఆఖర్లో, సోమవారం

ఇవాళ గేదెలు కొట్టానికి తిరిగి వెళ్ళాలి. మోకాలెత్తున పెట్టిన కొత్త పెట్టెలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. జుబేదాగారు తన చేత్తో ఇంకోసారి కొలిచారు. నేల మీద ఎండబెట్టిన నాచు చాపలు పరిచాం. గడ్డి అడిగితే ఇవ్వని సంఘం పెద్దలే స్వయంగా కూర్చుని వాటిని అల్లారు.

ఊరంతా నడవలో బారులు తీరింది. కలెక్టరమ్మ ఠీవిగా నడిచి వచ్చింది. తలుపు దగ్గర ఆగింది. ఇక కదల్లేదు.

తవుడు చూపించాను. మూతి తిప్పుకుంది. మా ఆయన బెల్లం ముక్క చూపించారు. తీసుకుని తిన్నది, మళ్ళీ అక్కడే నిలబడింది. ఎల్లేశం వెనకనుంచి తోశాడు. అది తన బరువు కొంచెం వెనక్కి వేసేసరికి అతను గోడకి అతుక్కుపోయాడు. "సారీ కలెక్టరమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వుతూనే నా కాళ్ళ వంక చూసుకున్నాను. నేను కూడా గుమ్మానికి ఇవతలే ఉన్నాను. ఆ శుక్రవారం తర్వాత ముసుగు లేకుండా ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. పొడి ఎత్తినప్పుడూ ముసుగే, చాపలు పరిచినప్పుడూ ముసుగే. ఇప్పుడు కూడా మెడలో వేలాడుతోంది. నేను దిగని చోటికి దాన్ని దిగమంటున్నాను.

ముసుగు తీసి ఎల్లేశం చేతికిచ్చాను.

"అక్కా, అంత పచ్చగనే ఉన్నది. భయం లేదు," అన్నాడు.

"తెలుసురా తమ్ముడూ. తెలిసినా భయమే."

మూడు మెట్లూ దిగాను. రెండో మెట్టు దగ్గర గోడ పట్టుకున్నాను. నేల దాటి సుబ్బలు తొట్టి దాకా వెళ్ళాను. తొట్టి అంచు దాని మెడ రాపిడికి నున్నగా అరిగిపోయి ఉంది. అక్కడే, చాప మీద, కూర్చున్నాను. తల బాగా కిందికి వంచి ఊపిరి పీల్చాను. నాచు వాసన వచ్చింది. కొంచెం పేడ వాసన. వాసన తెలుస్తున్నందుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అలా కూర్చున్నాను.

గిట్టల చప్పుడు వినిపించింది. తల తిప్పేలోగా వీపు మీద గట్టిగా ఒక పోటు పడింది. కలెక్టరమ్మ! దిగి వచ్చేసింది. వచ్చి నుదురు నా వీపుకి ఆనించి తోస్తోంది. కదలకపోతే మళ్ళీ తోసింది. తోస్తున్నది ఎటో అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. అది నన్ను తలుపు వైపు తోస్తోంది.

నన్ను బయటికి తీసుకుపోదామని వచ్చిందది.

"లేదే తల్లీ, లేదు. ఇప్పుడు బాగానే ఉంది. చూడు," అని రెండు చేతులతో దాని మెడ పట్టుకున్నాను. అది నా జుట్టు మీద బుస్సుమని ఊపిరి వదిలింది. తొట్టి వాసన చూసింది. నేల వాసన చూసింది, చాలాసేపు. చాప కొన లాగి నమిలింది. అరుగు మీదనుంచి మినపగుండు ఒక్క ఎగురు ఎగిరి మా ఇద్దరి మధ్యా దిగింది. మిగతావి ఒక్కొక్కటే మెట్లు దిగాయి.

కలెక్టరమ్మ మాత్రం ఇంకా నిలబడే ఉంది. నేను లేచి మెట్లెక్కి అరుగు మీదికి చేరేదాకా నా వంకే చూసి, అప్పుడు మోకాళ్ళు మడిచింది.